మా చెరువులో తీసిన సముద్రం

ఇస్నాపూర్ చౌరస్తాలో నాకు ఫొటో స్టూడియో ఉన్న రోజుల్లో, చుట్టుపక్కల పెళ్లైన ప్రతి జంటకూ సముద్రం కావాల్సి వచ్చేది. అసలు సముద్రం మాకు ఎంత దూరమో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. ఫొటోలో వెనక నీలంగా నీళ్లుండాలి, తెల్లగా అలలు రావాలి, ఒక పక్కన కొబ్బరిచెట్టు వంగి ఉండాలి. అంతే. చిట్కుల్‌లో కిరాయి గదుల్లో ఉండే బిహార్ కుర్రాళ్లు జీతాలు పడగానే తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చి "సమందర్ వాలా" అని అడిగేవారు. ఆ ఫొటో ఊరికి పంపితే, కొడుకు సముద్రం ఒడ్డున ఉద్యోగం చేస్తున్నాడని ఇంట్లోవాళ్లు నమ్మేవారట. నమ్మనీ, నాదేం పోయింది?

మొదట్లో గుడ్డ తెర ఉండేది. సంగారెడ్డిలో సినిమా బోర్డులు రాసే ఒక పెద్దాయన వేసిచ్చిన సముద్రం అది. చుట్టి విప్పి, చుట్టి విప్పి, మడత పడ్డచోట అల రంగు రాలిపోయి లోపలి గుడ్డ కనబడేది. అది కనబడకుండా ఆ మడత ముందు కాస్త లావుపాటి మనిషిని నిలబెట్టేవాణ్ని. సన్నటి జంట వస్తే నా తిప్పలు చెప్పనలవి కాదు.

కంప్యూటర్లు వచ్చాక మా వృత్తిలో అందరూ తెరలు చుట్టేసి అటక మీద పడేశారు. నేను కూడా ఒక పాత కంప్యూటర్ కొని, పటాన్‌చెరులో ఒక స్నేహితుడి దగ్గర కూర్చుని ఫొటోలు దిద్దడం నేర్చుకున్నాను. మనిషిని బొమ్మలోంచి కత్తిరించి ఇంకో బొమ్మ మీద పెట్టడం, రంగు మార్చడం, ఆఖరున ఆయిల్ పెయింటింగ్ ఎఫెక్ట్ వేయడం. ఆ ఎఫెక్ట్ వేస్తే ఫొటో అంతా కుంచెతో పూసినట్టు అయిపోతుంది. ముఖం మీది మొటిమలు పోతాయి, కత్తిరించిన అంచులు పోతాయి, పెద్దగా ప్రింట్ వేస్తే కనబడే గళ్లూ పోతాయి. కెమెరాలో ఉన్న లోపమంతా కళ కింద చెల్లిపోతుంది. ఇంతకంటే హాయైన సంగతి ఫొటోగ్రాఫరుకు ఏముంటుంది చెప్పండి.

అయితే వెనక పెట్టడానికి సముద్రం కావాలి కదా. అందరూ గ్రీటింగ్ కార్డుల మీది సముద్రాలను స్కాన్ చేసి పెట్టేవారు. నాకు ఆ పని నచ్చలేదు. నా సముద్రం నేనే తీసుకుంటానని రైలెక్కి బాపట్ల పోయి, అక్కణ్నుంచి సూర్యలంక చేరాను. పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడటం అదే మొదలు. ఎండ మాడిపోతోంది. నీళ్లు నీలంగా లేవు, మట్టి కలిసిన బూడిద రంగులో ఉన్నాయి. ఒడ్డున ఒక ముసలమ్మ చిన్న చేపలను ఇసుకలో ఆరబోసి, కాకులను తోలుతోంది. వలలు బాగుచేసుకునేవాళ్లు నన్ను పట్టించుకోలేదు. అయినా కెమెరా దించబుద్ధి కాలేదు. తెచ్చుకున్న రీళ్లన్నీ అయ్యేదాకా తీశాను. ఉప్పుగాలి పట్టి కెమెరా షట్టర్ మొరాయించినా వదల్లేదు.

ప్రింట్లు వేసి కౌంటర్ అద్దం కింద పరిచాను. నిజం చెప్తున్నాను, ఆ తర్వాత ఎన్నో తీశాను కాని అంత మంచివి మళ్లీ పడలేదు. ముసలమ్మ చెయ్యెత్తి కాకిని అదిలిస్తుంటే వెనక నీళ్లు సీసం కరిగించి పోసినట్టున్న ఫొటో ఒకటుంది, దాన్ని చూసుకుని నేనే మురిసిపోయేవాణ్ని. వచ్చినవాళ్లు మాత్రం దాన్ని ఇటు తిప్పీ అటు తిప్పీ పెదవి విరిచేవారు. బొంతపల్లి నుంచి వచ్చిన ఒక పెళ్లికొడుకైతే మొహం మీదే అనేశాడు: "గిదేంది అన్నా, మా ఊరి చెరువు లెక్కనే ఉన్నది. సముద్రం లేదా?"

ఒళ్లు మండిపోయింది. రెండు రాత్రులు రైల్లో నిలబడి పోయి తెచ్చిన సముద్రమయ్యా అది! ఏం లాభం, వాడికి కావాల్సింది వేరు. గ్రీటింగ్ కార్డు సముద్రం ముందు వాణ్నీ పెళ్లికూతుర్నీ నిలబెట్టి పంపించాను. ముసలమ్మ ఫొటోను అద్దం కింది నుంచి తీసి సొరుగులో పడేశాను.

ఇగ అసలు సంగతి. మా ఊరు చౌరస్తాకు దగ్గరే, పొలాల బాట పట్టి సైకిల్ మీద పోవచ్చు. ఊరి చెరువు కట్ట వెనకాల ఒక ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడ ఏం తయారుచేసేవారో మాకు సరిగా తెలియదు, మందులకు సంబంధించిన పౌడర్లు అనేవారు. దాని గోడ కింది నుంచి ఒక పైపు చెరువులోకి తెరుచుకుంది. వాన నీళ్ల పైపని మొదట్లో చెప్పారు. ఎండాకాలంలోనూ అందులోంచి నీళ్లు వస్తుంటే, ఆ వానేదో ఫ్యాక్టరీ లోపలే కురుస్తోందని ఊళ్లోవాళ్లు నవ్వుకునేవారు. తర్వాత తర్వాత నవ్వడం మానేశారు. నీళ్లు చాయ డికాషన్ రంగుకు తిరిగాయి. బర్రెలు మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి వచ్చేసేవి. మా అన్న పొలం ఆ చెరువు కిందే ఉంది. చూడటానికి వరి నిలబడేది, కంకి గొలుసును చేత్తో దూస్తే అంతా తాలు, లోపల గింజే ఉండదు.

మా అన్నకు ఆ పొలం తప్ప వేరే బతుకు తెలియదు. నేను పదో తరగతి తప్పి కెమెరా పట్టుకుంటే, తను నాగలి పట్టుకుని నా మొదటి కెమెరాకు సాయపడ్డ మనిషి. ఆ పైపు మూసేయించాలి, అంతే, వేరే ఏమీ వద్దు అనేవాడు. ఫ్యాక్టరీ వాళ్లు ఏదో ఇస్తామని కబురు పెడితే, నీళ్లియ్యమను, నా నీళ్లు నాకియ్యమను అని పంపించేశాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగాయి. పోయిన ప్రతిసారీ, మేమే వచ్చి చూస్తాం పో అని తిప్పి పంపేవారు.

నేను డిజిటల్ కెమెరా కొన్న కొత్తలో ఒకసారి ఊరికి పోయాను. ఆ రోజు గాలి బాగా ఉంది. పైపు నీళ్లు చెరువులో పడ్డచోట నురగ లేచి, గాలికి కొట్టుకొచ్చి, ఒడ్డు పొడుగునా తెల్లగా గుట్టలుగా పేరుకుపోయింది. ముక్కుకు రుమాలు కట్టుకుని నాలుగు ఫొటోలు కొట్టాను, కొత్త కెమెరా ఎలా ఉందో చూద్దామనే. స్టూడియోకు వచ్చి కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూశాను. తెల్లటి నురగ ఒకదాని వెనక ఒకటి వరసలుగా ఒడ్డుకు వస్తోంది. అచ్చం అలలు.

చెయ్యి ఊరుకోలేదు. డికాషన్ రంగును నీలంగా మార్చాను. నురగ అంచులను కాస్త ముందుకు లాగి అల విరిగినట్టు చేశాను. అవతలి ఒడ్డున తుమ్మచెట్లు తీసేసి ఒక కొబ్బరిచెట్టు నాటాను. పైపు మూతి ఉన్నచోట చిన్న పడవ పెట్టాను. పైన ఆయిల్ పెయింటింగ్ ఎఫెక్ట్ వేయగానే అంతా కలిసిపోయింది. సూర్యలంకలో నాకు దొరకని సముద్రం మా చెరువులో దొరికింది. ప్రింట్ తీసి అద్దం కింద పెట్టానో లేదో, జనం ఎగబడ్డారు. ఎక్కడిది, గోవానా, వైజాగా అని అడిగేవారు. నేను నవ్వేసి ఊరుకునేవాణ్ని. అందరి వెనకా అదే సముద్రం. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, బిహార్ కుర్రాళ్లు, ఆఖరికి ఒక పార్టీ వాళ్ల ఫ్లెక్సీ కూడా.

పైపు తీసేసి పడవ పెట్టావేమయ్యా అని తర్వాత నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. పెళ్లి ఫొటోలో పైపు పెట్టమంటారా? అలా అడిగినవాళ్ల ఇంట్లో కూడా ఆ ఫొటో ఉంది మరి.

మా వదినకు సముద్రమంటే పిచ్చి. చూడలేదు కనుకే పిచ్చి. టీవీలో సముద్రం వస్తే చేతిలో పని వదిలేసి నిలబడిపోయేది. ఊళ్లో అందరి ఇళ్లల్లో నేను చేసిన ఫొటోలు చూసి చూసి, మమ్మల్ని కూడా ఒకసారి నిలబెట్టు, మీ అన్న పక్కన నేనూ సముద్రం చూసినట్టుంటుందని అడిగింది. మిగతావాళ్లను స్టూడియోలో నిలబెట్టి కత్తిరించేవాణ్ని కాని, వీళ్లను మాత్రం చెరువు కట్ట మీదికే తీసుకుపోయాను. సొంత వదిన, మంచిగా రావాలని. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి, నేను రెడీ అన్నప్పుడు మాత్రం కొంగు తీసి నవ్వేది. క్లిక్కుమనగానే మళ్లీ కొంగు. మా అన్న దగ్గుతూనే ఉన్నాడు. ఆ దగ్గుకూ దగ్గుకూ మధ్య పట్టుకున్న ఫొటో అది.

దాని మీద పెట్టినంత పని ఇంకే ఫొటో మీదా పెట్టలేదు. కుంచె గీతలు ఒక్కొక్కటే చేత్తో లాగాను. పెద్దగా ప్రింట్ వేయించి, ఫ్రేము కట్టించి తీసుకుపోతే వదిన సంబరం అంతా ఇంతా కాదు. ముందు గదిలో, తలుపు తీయగానే కనబడేచోట మేకు కొట్టించింది. చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ, గిది మన చెరువే, మా మరిది చేతిపని అని చెప్పి మరీ చూపించేది. మా అన్న చాలాసేపు దాని ముందు నిలబడి, నీళ్లు నిజంగా ఇలా ఉంటే రెండు పంటలు కళ్లు మూసుకుని పండుతాయని అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చినంత పనైంది.

చివరికి ఒక ఏడు వానలకు ముందు కబురొచ్చింది. పైనుంచి ఆఫీసర్ వచ్చి చెరువును చూస్తాడు, ఆయన రాసే రిపోర్టును బట్టే పైపు ఉండటమా మూసేయడమా తేలుతుంది. మా అన్న ఆ సాయంత్రమే స్టూడియోకు వచ్చాడు. వాన పడితే నురగ కొట్టుకుపోతుంది, రంగు పలచబడుతుంది, వాళ్లు సరిగ్గా అప్పుడే వస్తారు, ముందే ఫొటోలు తీసిపెట్టమన్నాడు. అన్న ఊహించినట్టే అయింది తర్వాత. నేను మర్నాడే పోయి తీశాను. పైపు మూతిని దగ్గర నుంచి తీశాను. నురగలో వెల్లకిలా తేలిన చేపలను తీశాను. తాలు గొలుసును అరచేతిలో పెట్టుకున్న అన్నను తీశాను. కంప్యూటర్లో పెట్టి ఒక్క రంగు ముట్టుకోలేదు, అంచు కూడా కత్తిరించలేదు. ఉన్నది ఉన్నట్టు ప్రింట్ వేయించాను.

ఆఫీసర్ వచ్చేసరికి వారం రోజులుగా వాన. చెరువు నిండి, నురగ పోయి, ఎర్రటి బురద నీళ్లతో మామూలు చెరువు లాగే ఉంది. పైపు మూతి నీళ్లలో మునిగిపోయింది. వాసన మాత్రం ఉంది. అది వానకు పోయే రకం కాదు. ఆఫీసర్ రుమాలు ముక్కుకు పెట్టుకునే కట్ట మీద నడిచాడు. కూడా వచ్చిన ఫ్యాక్టరీ మేనేజర్ ఆయనకు గొడుగు పట్టాడు. సీసాలో నీళ్లు పట్టించుకున్నారు. ఇవి వాననీళ్లు సార్ అని మా అన్న అంటుంటే, ఆఫీసర్ తల ఊపాడు.

మా దగ్గర ఇంటికొచ్చిన మనిషిని చాయ తాగించకుండా పంపరు. శత్రువైనా సరే. వదిన ఎదురొచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, ఇద్దరినీ ముందు గదిలో కుర్చీల్లో కూర్చోబెట్టింది. అప్పుడు మా అన్న ఫొటోల కవరు తీసి ఆఫీసర్ చేతిలో పెట్టాడు. ఆయన ఒక్కొక్కటే చూశాడు. చేపల ఫొటో దగ్గర ఆగి అయ్యో అన్నాడు. ఆ మాట నేను చెవులారా విన్నాను. ఇవి రిపోర్టుకు జతచేస్తాను, వానకు ముందు పరిస్థితి ఇదని రాస్తానని కూడా అన్నాడు. మేనేజర్ మొహంలో రంగు మారింది. మా అన్న నా వైపు చూశాడు. అన్నేళ్లుగా తిరిగిన తిరుగుడంతా ఆ చూపులో దిగిపోయింది. నాకు ఛాతీ ఉబ్బిపోయింది, దాచుకోవడం ఎందుకు.

వదిన చాయ తెచ్చింది. కప్పు అందుకుంటూ ఆఫీసర్ తలెత్తాడు. ఎదురుగా గోడ మీద నీలి సముద్రం ముందు నవ్వుతూ అన్నా వదినా.

"బాగుందమ్మా. ఏ బీచ్ ఇది, వైజాగా?"

"అయ్యో, బీచ్ గాదు సారూ. మన చెరువే గిది, మీరిప్పుడు సూసొచ్చిందే. మా మరిది కంప్యూటర్ల గిట్ల జేసిండు."

రోజూ అందరికీ చెప్పే మాటే. అదే సంతోషంతో చెప్పింది.

ఆఫీసర్ కప్పు కింద పెట్టాడు. గోడ మీది ఫొటోనూ, ఒడిలో ఉన్న ఫొటోలనూ మార్చి మార్చి చూశాడు. తను మాట్లాడాల్సిన అవసరం లేదని మేనేజర్‌కు నాకంటే ముందే తెలిసిపోయింది. చాయ మాత్రం చప్పుడు చేసుకుంటూ తాగాడు. ఆ చప్పుడు తలచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇవి కూడా నువ్వే తీశావా అని ఆఫీసర్ అడిగాడు. నేనే అన్నాను. నెగెటివ్ ఉందా అన్నాడు. డిజిటల్ కెమెరా సార్, నెగెటివ్ ఉండదు, సీడీలో ఉన్నాయి తెస్తానన్నాను. సీడీ కూడా నువ్వు తయారుచేసిందే కదయ్యా అన్నాడు. గొంతులో కోపం లేదు, చిన్నపిల్లవాణ్ని దొంగతనంలో పట్టుకుని వదిలేసే పెద్దమనిషి గొంతు. అది ఇంకా కాల్చింది. నేను లేచి నిలబడ్డాను.

"ముక్కుకు రుమాలు వెట్టుకొని తిరిగిండ్రు గద సార్. ఆ వాసన గూడ నేనే కంప్యూటర్ల జేసిన్నా?"

"వాసనను రిపోర్టుకు జతచేయలేం కదా" అన్నాడు ఆయన, ఎంతో ఓపికగా.

ఫొటోలను సర్ది, కవరులో పెట్టి, చాప మీద వదిలేసి లేచారు. జీపు దాకా నేనూ పోయాను, బతిమాలడానికే పోయాను. జీపెక్కి కూర్చున్నాక ఆఫీసర్ నా భుజం తట్టి, నీ చెయ్యి మంచిదయ్యా, మా అమ్మాయి ఫొటో ఒకటి పంపిస్తాను, దాని వెనక కూడా అలాగే సముద్రం పెట్టు అన్నాడు. వెటకారం కాదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. జీపు పోయింది. ఇంత బురద నా ప్యాంటు మీద చిమ్మింది.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను, దాంతో ముగించడం నాకు ఇష్టం లేదు. నీళ్లు బాగానే ఉన్నాయని రిపోర్టు వచ్చింది. ఫొటోలు నమ్మదగినవి కావని అందులో ఒక ముక్క రాశారట. పైపు అలాగే ఉంది. మరుసటి ఏడు మా అన్న పొలం దున్నకుండా పడావు పెట్టి, బర్రెలను అంగడికి తోలి, ఆ ఫ్యాక్టరీలోనే డ్రమ్ములు దించే కాంట్రాక్టు పనిలో చేరాడు. వేరే చోట రమ్మన్నవాళ్లు లేరు. వదిన ఫ్రేము దించి ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు. చాలా రోజుల దాకా నేను కనబడితే చాలు, సారు అడిగితే నేను అబద్ధం చెప్పాల్సి ఉండెనా అని అడిగేది. నిజం చెప్పినందుకు నోరు నొక్కుకున్న ఆడమనిషిని నేను ఆమె ఒక్కదాన్నే చూశాను. నేనైతే స్టూడియో మానలేదు. మానితే తిండెక్కడిది? సముద్రం అడిగినవాళ్లకు సముద్రం పెట్టి ఇచ్చాను, ఇంకా చాలా ఏళ్లు. ఒక్క ఫొటో దిద్దుతున్నప్పుడు కూడా సంతోషంగా లేను.

ఆ రోజు జీపు పోయాక నేను ఇంట్లోకి వచ్చేసరికి వదిన వంటింట్లోకి పోయి తలుపు దగ్గరకు వేసుకుంది. మా అన్న చాప మీద కూర్చుని కవరులోంచి ఫొటోలు తీసి చూస్తున్నాడు. ఒకదాని మీద చాయ చుక్క పడితే పంచె కొంగుతో అద్దాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలనేవాణ్ని, ఇద్దరికీ కొంత దిగిపోయేది. చేపల ఫొటోను వెలుతురుకు పట్టుకుని, నా మొహం వైపు చూడకుండా, మామూలు గొంతుతోనే అన్నాడు:

"మస్తు మంచిగ తీసినవ్ తమ్మీ. జెర చేతగానోడెవడన్న తీసుంటే నమ్ముతుండిరేమో."